బల్లార్షాలో రేకుల ఇల్లు, అటక చల్లబరిచే పని: కొన్నేళ్లు వాడాక నా మాట

మే నెలలో 46, 47 డిగ్రీలంటే మహారాష్ట్రలోని మా బల్లార్షాలో ఎవరూ ఆశ్చర్యపోరు. తాతల నాటి ఇల్లు మాది, పైన జీఐ రేకులు, కింద చెక్క అటక, పగలు ఆ మధ్యలో నిండిన వేడి రాత్రి పదకొండు దాటినా పడకగదిలోకి దిగుతూనే ఉండేది. రేకుల కింద బబుల్ ఫాయిల్ (గాలి బుడగలుండి, వేడిని తిప్పికొట్టే మెరిసే షీటు), అటక చెక్కల మీద 50 మి.మీ. రాక్‌వూల్ (వేడిని ఆపే రాతి పీచు పరుపు), కప్పు మీద గాలికి తిరిగే టర్బో వెంటిలేటర్ పెట్టించాం.

డబ్బు ఒక్కదానికే సరిపోతే రాక్‌వూల్ వేయించండి. రాత్రి పడుకునేటప్పుడు తేడా తెలిసేది దీనివల్లే. థర్మోకోల్ చవక అంటారు గానీ అటకలో కరెంటు వైర్లుంటే వద్దు, నిప్పంటుకుంటే ఆగదు.

వెంటిలేటర్ గిరగిరా తిరుగుతుంటే చూడ్డానికి బాగుంటుంది కాబట్టి అమ్మేవాళ్లు దాన్నే ముందు చూపిస్తారు. కింద నుంచి గాలి రాకపోతే అది పైకి ఏం లాగుతుంది? మాకు బిగించినవాళ్లు చూరు కింద ఒక్క కంత కూడా వదల్లేదు, తర్వాత వేరే మేస్త్రీతో పెట్టించుకుని ఉడతలు, గబ్బిలాలు దూరకుండా జాలీ కొట్టించాం, అప్పుడు గానీ అటక వేడి తగ్గలేదు. అమెరికాలో వాడే లెక్క ఒకటుంది, 150 చదరపు అడుగుల అటకకి 1 చదరపు అడుగు గాలి దారి, అందులో సగం కింద, సగం పైన.

ఫాయిల్ రేకుకి అతుక్కుంటే దండగ, మధ్యలో ఖాళీ ఉండాలి. మెరిసే వైపు కిందికి ఉంచండి, రాజురాలో మా మామయ్య వాళ్లు అటక చెక్కల మీదే మెరుపు పైకి ఉండేలా పరిపించారు, బొగ్గు దుమ్ము పడి ఒక్క ఎండాకాలానికే మెరుపు పోయింది.

ఇంకోటి, కూలర్ నడిచేటప్పుడు అటక మూత కొంచెం తెరిచి చూడండి. గదిలో గాలికి బయటికి దారి లేకపోతే కూలర్ ఉక్కపోతే ఇస్తుంది కదా, ఆ గాలి అటక మీదుగా పోతూ అక్కడి వేడిని కూడా తోసేస్తుంది. పైసా ఖర్చు లేదు! కూలర్ ఆపాక మూత వేసేయాలి, లేకపోతే వేడి కిందికి దిగుతుంది.

చిరాకు పెట్టేది వానాకాలమే. వెంటిలేటర్ అడుగున సీలెంట్ పగిలి నీళ్లు కారతాయి, తడిసిన రాక్‌వూల్ ఎందుకూ పనికిరాదు, అందుకే ఏటా మృగశిర కార్తెకి ముందే మనిషిని పైకి ఎక్కిస్తాం. బేరింగ్ కూడా అరిగి కీచుమంటోంది, మార్చాలి. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా మాత్రం ఇవన్నీ ఉన్నా కూలర్ లేకుండా కుదరదు.