పెరటి తోట ప్యాకేజీ: ఏ డబ్బుకు న్యాయం జరిగింది, ఏ డబ్బుకు జరగలేదు

పెరట్లో కూరగాయలు పెంచిపెట్టేవాళ్లు ఇప్పుడు హన్మకొండలో కూడా దొరుకుతున్నారు. మాకు భీమారంలో ఇంటి వెనక అరగుంట జాగా ఉంది, అంటే అరవై గజాలు. మొదట 14 వేలు, ఆ తర్వాత నెలకు 2 వేలు అని మాట్లాడుకున్నాం. నా లెక్క ముందే చెప్తా: 14 వేలకు న్యాయం జరిగింది, నెలనెలా ఇచ్చిన 2 వేలకు జరగలేదు.

ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకర, సిమెంటు పెళ్లలు అన్నీ పెరట్లోనే పూడ్చి పోయారు మేస్త్రీలు. గడ్డపార దింపితే ఖంగున మోగేది. వీళ్ల మనుషులు అదంతా తవ్వి ఎత్తిపోశారు. ట్రాక్టర్ ఎర్రమట్టి తెచ్చి, మాగిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి మడులు కట్టారు. తీగలకు ఇనుప పైపులతో పందిరి వేశారు. బ్యాంకు ఉద్యోగం చేసే నాకూ, నడుము నొప్పి ఉన్న మా ఆయనకూ అది అయ్యే పని కాదు. మొన్నటి గాలివానకు కూడా పందిరి కదల్లేదు.

నెలవారీ పని కథ వేరు. శనివారం శనివారం ఒక పిల్లగాడు బైక్ మీద వచ్చి వేపనూనె కొట్టి, ఫోటో తీసుకుని పోయేవాడు. పురుగు శనివారం దాకా ఆగుతుందా? బెండ ఆకుల ఈనెలు పసుపు పచ్చగా తేలితే అది పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, మందు లేదు. కనపడ్డ మొక్కను కనపడ్డ రోజే పీకేయాలి. అతను మళ్లీ వచ్చేసరికి వరస వరసంతా పసుపు పచ్చబడింది. "వైరస్ కదా మేడం, మేమేం చేస్తాం" అన్నాడు.

బీర ఇంకా విచిత్రం. పందిరి నిండా పూలు, కాయ ఒక్కటి లేదు. ఆ పిల్లగాడు ఏదో బూస్టర్ అని చెప్పి 350 అదనంగా తీసుకున్నాడు. చివరికి సంగతి చెప్పింది మొదట్లో మడులు కట్టిన పెద్దాయన. ఎల్కతుర్తి దిక్కు మనిషి, తీగలు కట్టడానికి వచ్చి చూశాడు. "ఇవన్నీ మొగ పువ్వులు బిడ్డా. గుత్తిగ పూసినయి కాయవు. ఎన్క సన్న పిందె ఉన్నదా సూడు, గదే ఆడ పువ్వు." బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. మా దగ్గర తేనెటీగలు తక్కువ. మొగ పువ్వు తెంపి, రేకులు ఒలిచి, మధ్యలో ఉన్న పుప్పొడిని ఆడ పువ్వు మీద మెల్లగా రాయమన్నాడు. వేళ్లకు పసుపు అంటుకుంటే పని అయినట్టే. రాయనివి పసుపు పచ్చబడి వడలి రాలిపోయాయి, రాసినవాటి పిందె సాగుతూ వచ్చింది. ఇది చేయడానికి రోజూ ఆరింటికి పెరట్లో ఉండాలి. అది ఏ ప్యాకేజీలోనూ రాదు.

మా అత్తమ్మ గుమ్మడి పెట్టమంటే "జాగా అంతా తింటది" అని ప్యాకేజీవాళ్లు పెట్టలేదు. ఆమే ప్రహరీ పక్కన నాలుగు గింజలు గుచ్చింది. బతుకమ్మకు ఆకులకూ పూలకూ మా గల్లీ ఆడవాళ్లంతా మా గేటు దగ్గరే.

రైతుబజార్ ధరలతో పోల్చుకుంటే కూరగాయలు గిట్టవు, ఆ ఆశతో పెట్టుకోకండి. ఆకుకూరలు మాత్రం వేరు. తోటకూర, పాలకూర నెల తిరిగేసరికి కోతకు వస్తాయి, పుంటికూర కోసినకొద్దీ చిగురేస్తుంది.

ఇప్పుడు నెలవారీ ఆపేశాం. నీళ్లు, పూలు, పురుగు చూసుకోవడం మాది. తవ్వకం, పందిరి పని పడితే ఆ పెద్దాయనను పిలిచి రోజు కూలి ఇస్తున్నాం.

ఎవరైనా మాట్లాడుకునేవాళ్లుంటే మట్టి ఎవరు తెస్తారో, పందిరి పైపులా వెదురా, కొట్టే మందు డబ్బా చూపిస్తారా అని ముందే అడగండి. కోతుల వల సంగతి తప్పకుండా అడగండి. మా కాగితంలో ఆ మాటే లేదు. టమాటలు ఎర్రబడే వేళకు కోతులు గుంపుగా దిగి, సగం కొరికి సగం పారేసి పోయాయి. కాకర జోలికి మాత్రం రాలేదు. వల వేయమంటే విడిగా 6 వేలు చెప్పారు.