ఓఆర్ఎస్ ప్యాకెట్: వాడి చూశాక

మా చిన్నవాడికి విరేచనాలు పట్టుకున్న రాత్రి, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఈ ఓఆర్ఎస్ (ఒంట్లో తగ్గిన నీటిని, లవణాలను భర్తీ చేసే) పొడినంతా కలిపి చెంచాతో కొద్దికొద్దిగా పట్టించగా, తెల్లవారేసరికి వాడి పిడచకట్టిన నాలుక మళ్లీ తడిగా కనిపించింది. ఇందులో ఉన్నవి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 2.9 గ్రాముల సోడియం సిట్రేటు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు మాత్రమే. పేగు గోడ గ్లూకోజుతో పాటు సోడియాన్ని పీల్చుకుంటుంది, దాని వెంటే నీరూ ఒంట్లోకి చేరుతుంది. కలకత్తా, ఢాకాలలో కళ్లెదుటి కలరాపై సాగిన పరిశోధనలే దీనికి ఆధారం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌కు చేరిన శరణార్థులకు ఎక్కించడానికి సెలైన్ చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణాన్నే తాగించి ఎందరినో బతికించారు. నేను కొన్న ప్యాకెట్‌పై మాత్రం నీటి కొలత కంటికి ఆనని అక్షరాల్లో ఉంది. గ్లాసెడు నీళ్లలోనే మొత్తం కలిపేస్తే పసిపిల్లలకు ఉప్పు ప్రమాదకరంగా ఎక్కువవుతుంది కనుక, ఆ ఒక్క మాటను పెద్దగా, తెలుగులో అచ్చువేయాలి.