అటకా, మంచం కిందా, బండ అరా: రబ్బరు స్టాంపులకు ఏ చోటు మేలు?

తెలుగులో ఏదైనా అటకెక్కిందంటే మూలనపడిందని అర్థం. మా అత్తమ్మకు మాత్రం అటకెక్కిందంటే భద్రంగా ఉందని అర్థం. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు వాళ్లు పాతబస్తీలో కింది వాటాలో ఉండేవాళ్లు. పెళ్లి ఆల్బమ్, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజులు అన్నీ మంచం కింద ట్రంకుపెట్టెలోనే. నీళ్లు తీశాక బురద కడిగి మూత తెరిస్తే లోపల కాగితాల ముద్ద. ఆ తర్వాత నదికి దూరంగా ఇల్లు కట్టుకున్నారు. అయినా ముఖ్యమైన వస్తువంటే పైకి పోవాల్సిందే.

నేను చేత్తో కార్డులు చేస్తాను. పుట్టినరోజు కార్డులు, సీమంతం పిలుపులు, గృహప్రవేశంలో ఇచ్చే కవర్ల మీద చిన్న ట్యాగులు. చెక్క పిడి ఉన్న రబ్బరు స్టాంపులు పాతిక దాకా, గాజులా కనిపించే, పిడి లేకుండా నున్నటి ప్లాస్టిక్‌కు తమంతట తామే అంటుకునే క్లియర్ స్టాంపుల షీట్లు అరవై, పది పన్నెండు ఇంకు ప్యాడ్లు, కాగితాలకు లెక్కే లేదు. "నీ సామానంతా కాగితాలే కదమ్మా, కింద ఏంటికి పెడతావు? నీళ్లొస్తే?" అంది అత్తమ్మ. కాదనలేక ఒక మార్చిలో అన్నీ అట్టపెట్టెల్లో సర్ది అటకెక్కించాను. జూన్‌లో దించాను.

క్లియర్ స్టాంపులు ఒకదానికొకటి అతుక్కుని, విడదీస్తే సన్నటి తీగల కొసలు తెగిపోయాయి. రెండు చెక్క స్టాంపులకు రబ్బరు ఊడి పక్కన పడుంది. ఫోమ్ టేపు గమ్ కారి, పెట్టె అడుగున చీమలు అంటుకుపోయి ఉన్నాయి. ఇంకు ప్యాడ్లలో సగం ఎండిపోయాయి.

ఇందులో అటక తప్పేమీ లేదు, దాని మీదున్న స్లాబు సంగతి అది. మేలో మాకు 42, 43 డిగ్రీలు మామూలే. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రంతా ఆ వేడిని కిందికి వదులుతుంది, దానికి అందరికంటే దగ్గరగా ఉండేది అటకే. చెక్క స్టాంపులో రబ్బరును, మధ్యలోని మెత్తని ఫోమ్‌ను, పిడిని కలిపి ఉంచేది జిగురు. అది వేడికి మెత్తబడుతుంది. రబ్బరుకూ వేడి, వెలుతురు పడవు. కిరాణా బిల్లులకు చుట్టిన రబ్బరు బ్యాండు ఒక ఎండాకాలం దాటాక ముందు జిగటగా మారి, తర్వాత పటుక్కున విరగడం చూసే ఉంటారు. స్టాంపు రబ్బరు అంతకంటే గట్టిది, కానీ జాతి అదే. కాబట్టి రాయలసీమలో స్లాబు ఇల్లున్నవాళ్లకు అటక వద్దని ఖాయంగా చెప్పగలను. పైన ఇంకో అంతస్తు ఉంటే మాట వేరు.

మరి మంచం కింద? చల్లదనంలో దీన్ని మించింది లేదు. మా ఇంట్లో నేలకు బేతంచెర్ల నాపబండలు. మిట్టమధ్యాహ్నం కూడా వాటి మీద చెయ్యి పెడితే హాయిగా ఉంటుంది. బిగువైన మూత, చక్రాలు ఉన్న ప్లాస్టిక్ పెట్టె కొని ఆర్నెల్లు అలాగే వాడాను. సామాను చెడలేదు. చెడింది నా అలవాటు. ఒక్క ఆకు స్టాంపు కోసం వంగి, పెట్టె లాగి, పైనున్నవన్నీ తీసి, మళ్లీ సర్దాలంటే ఎవరికి ఓపిక? చేతికందిన నాలుగింటితోనే అన్ని కార్డులూ చేసేదాన్ని. దీనికి తోడు ఇల్లు తుడిచేటప్పుడు తడిబట్ట నీళ్లు, మూలల్లో తిరిగే వెండిరంగు పురుగులు. వాటికి కాగితం, గంజి, అట్టకు రాసిన జిగురు అన్నీ విందే. కలరా ఉండలు వేద్దామనుకుంటారేమో, ప్లాస్టిక్ సామాను దగ్గర వద్దు. ఆ ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడుతుంది, పైగా కార్డు అందుకున్నవాళ్లకు పాత చీరల బీరువా వాసన. ఎండిన వేపాకు పలచటి గుడ్డలో కట్టి పెడితే కనీసం హాని లేదు.

బీరువా గురించి పెద్దగా చెప్పేది లేదు. దుమ్ము రాదు, చెదలు తినవు. కానీ పడమటి గోడకు ఆనించి ఉంటే సాయంత్రానికి రేకు వెచ్చబడుతుంది. అదీకాక అందులో చీరలకే చోటు చాలదు.

చివరికి నేను కుదురుకున్నది గోడలో కడప బండలు పరిచిన అరల దగ్గర. మన వైపు ఇళ్లలో ఇవి లేని గది అరుదు. వంటింట్లో డబ్బాలకు, వసారాలో పుస్తకాలకు అవే. రాయి గనక బరువుకు వంగదు, త్వరగా వేడెక్కదు. ఛాతీ ఎత్తులో ఉన్న అర అయితే కంటికీ కనిపిస్తుంది, చేతికీ అందుతుంది. అయితే మూడు జాగ్రత్తలు తీసుకోవాలి. మొదటిది నూనె. బండ నల్లగా మెరవాలని ఏడాదికోసారి నూనె రాసే ఇళ్లున్నాయి, మాదీ అదే బాపతు. ఆ నూనె కాగితానికి ఎక్కితే మరక పోదు. అందుకే ముందు మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద సామాను పెట్టాలి. న్యూస్‌పేపర్ మాత్రం పరవొద్దు, అందులోని ఆమ్లం వల్ల అది పసుపెక్కి, ఆనుకున్న తెల్ల కార్డునూ పసుపు చేస్తుంది. రెండోది బయటి గోడ. వాన చెమ్మ పీల్చే గోడలో ఉన్న అర పనికిరాదు, రెండు గదుల మధ్య గోడ మంచిది. మూడోది దుమ్ము. అర ముందు పాత చీర ముక్కతో తెర కట్టాను, దాంతో కిటికీ వెలుతురు కూడా ఆగింది. విదేశీ వీడియోల్లో స్టాంపులన్నీ కిటికీ పక్కన తెరిచిన అరల్లో బొమ్మల కొలువులా పేర్చి చూపిస్తారు. కర్నూలు ఎండలో ఆ అందం ఒక్క సీజనే.

ఇక చెక్క స్టాంపులా, క్లియర్ స్టాంపులా అంటే, కొనేటప్పటి మాట వేరు, దాచేటప్పటి మాట వేరు. చోటు తక్కువైతే క్లియర్‌వి మేలు. చెక్కవి పాతిక పట్టే చోట అవి రెండొందలు పడతాయి. మోటుగా వాడినా ఏళ్ల తరబడి నిలవాలంటే చెక్కవి మేలు. వాటిని పండగకు వచ్చే మిఠాయి రేకు డబ్బాల్లో, రబ్బరు ముఖం కిందికి పెట్టి ఒక్క వరసలో సర్దుతాను. మీద ఇంకో వరస పేరిస్తే బరువుకు ఫోమ్ అణిగిపోయి ముద్ర ఒక పక్కే పడుతుంది. ఏ డబ్బాలో ఏముందో మూత మీద ఆ ముద్రలే వేసిన కాగితం అంటిస్తే చాలు, పేర్లు రాయక్కర్లేదు.

క్లియర్ స్టాంపులకు అసలు సంగతి అవి అంటుకునే ప్లాస్టిక్ ఏ రకం అన్నదే. సర్టిఫికెట్ జిరాక్సును పాత మెత్తటి కవరులో ఏళ్లు ఉంచితే అక్షరాలు కవరుకే అంటుకుని వస్తాయి కదా, అది పీవీసీ పని. అందులోని మెత్తదనం ఇచ్చే రసాయనం నెమ్మదిగా బయటికి వస్తుంది. అలాంటి కవర్లలో క్లియర్ స్టాంపులూ జిడ్డు పట్టి పాడవుతాయి. స్పైరల్ బైండింగ్ పైన వేసే షీట్లలోనూ పీవీసీవి ఉంటాయి. అడుగున త్రిభుజంలో 5 అంకె ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బాలు, ఆఫీసు ఫైళ్లలో వచ్చే ఆ రకం కవర్లు నిశ్చింత. నేను జిరాక్సు షాపులో ఖాళీ ఏ4 కాగితాలు లామినేషన్ చేయించి, వాటికి స్టాంపులు అంటించి, కవర్లలో దోపి ఫైలు చేశాను. ఫైలు పుస్తకంలా నిలబెట్టాలి, పడుకోబెట్టి మీద బరువు పెట్టకూడదు. స్టాంపు అంటుకునే గుణం తగ్గితే పారేయకండి. గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడిగి, నీడలో ఆరనిస్తే మళ్లీ అంటుకుంటుంది. రంగు మరక మిగిలినా ముద్రకు ఏమీ కాదు.

చెక్కవాటిని అలా ముంచి కడిగారో, జిగురు వదిలేస్తుంది. తడి గుడ్డ మీద నాలుగుసార్లు అద్ది, పొడి గుడ్డతో తుడవడమే. స్పిరిట్ తొందరగా పనిచేస్తుంది కానీ తరచూ వాడితే రబ్బరు బిరుసెక్కుతుంది. పసిపిల్లల తడి టిష్యూలు చేతికి సుఖమే, వాటిలో కొన్ని నూనె పొర వదులుతాయి, తర్వాతి ముద్ర మచ్చలు మచ్చలుగా పడుతుంది. చిరిగిన బనియన్ గుడ్డకు మించింది ఇంకా నాకు దొరకలేదు.

ఇంకు ప్యాడ్లు బోర్లించాలా, వెల్లకిలా ఉంచాలా? గుడ్డ పరిచిన డై ఇంకు (పలచటి రకం) ప్యాడ్లు బోర్లిస్తే మేలు, ఇంకు పైముఖానికి దిగి ఉంటుంది. స్పాంజిలా మెత్తగా ఉండే పిగ్మెంట్ ఇంకువి మామూలుగానే పెట్టొచ్చు. ఆ ఇంకు చిక్కగా ఉండి, నెమ్మదిగా ఆరుతుంది. మా ఎండలో డై ప్యాడ్లే ముందు ఎండుతాయి, అందుకే ఒక్కోదాన్ని జిప్ కవరులో వేసి బోర్లిస్తాను. ఫ్రిజ్‌లో పెట్టమని ఒక స్నేహితురాలు చెప్పింది. పెట్టి చూశాను, బయటికి తీయగానే చెమ్మ పట్టి మొదటి నాలుగు ముద్రలూ అలుక్కుపోయాయి. రంగు తగ్గిన ప్యాడుకు రీఫిల్ సీసా కొనడం కొత్త ప్యాడు కంటే చవక, కాకపోతే అదే రకం ఇంకు పోయాలి.

కాగితాల విషయంలో నాకు రెండో మాట లేదు, పడుకోబెట్టాల్సిందే. పెళ్లికార్డుల ప్రెస్సులో దొరికే ఐవరీ షీటు కట్టింగులు మందంగా ఉన్నాయని నిలబెడితే, వానాకాలం వచ్చేసరికి విల్లులా వంగుతాయి.

అరకు మారుస్తున్నానంటే అత్తమ్మ ఒక షరతు పెట్టింది. ఏ రాత్రి నీళ్లొచ్చాయన్నా ఒక్క మనిషి మోసుకుపోయేలా ఉండాలని. అందుకే డబ్బాలు, ఫైళ్లు అన్నీ పిడులున్న రెండు ప్లాస్టిక్ బుట్టల్లో పెట్టి, బుట్టలను అరలోకి తోశాను. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయిందని టీవీలో వస్తుండగా నేను వంటింట్లో ఉన్నాను. వచ్చి చూస్తే అర ఖాళీ. రెండు బుట్టలూ అప్పటికే అటక మీదున్నాయి, నిచ్చెన పక్కన అత్తమ్మ ఆయాసపడుతోంది. వారం తర్వాత, ఆమె కునుకు తీసే వేళ చూసి, మెల్లగా కిందికి దించాను.