వేసవి మ్యూజిక్ వర్క్‌షాప్: డప్పు దాకా సూపర్, వీడియో దగ్గర చతికిలబడ్డారు

ఇంటర్ పరీక్షలయ్యాక ఖాళీగా ఉన్న మా అక్క కూతురిని ఒక్కదాన్నే పంపడం ఎందుకని నేనూ చేరిపోయా. కూకట్‌పల్లి వైపు ఒక చిన్న స్టూడియోలో మే నెలలో పది రోజుల ఎలక్ట్రానిక్ మ్యూజిక్, డిజిటల్ మీడియా వర్క్‌షాప్, తలకి తొమ్మిది వేలు. ఏసీ మాత్రం బాగా పనిచేసింది, అది ముందే చెప్పేస్తున్నా.

మ్యూజిక్ చెప్పిన సార్‌కి నూటికి తొంభై వేస్తా. మొదటి రోజు కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు, వంటింటి శబ్దాలు ఫోన్‌లో రికార్డు చేసుకు రమ్మన్నారు. మా పిల్ల కుక్కర్ విజిల్, తాలింపులో ఆవాల చిటపట, స్టీలు గిన్నె మీద గరిటె దెబ్బ పట్టుకొచ్చింది (ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపమన్నందుకు మా అక్క తిట్లు కూడా అందులోనే పడ్డాయి). ఆ గరిటె దెబ్బని ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో వేసి స్వరస్థాయిలో రెండు ఆక్టేవ్‌లు కిందికి దించితే గుడిగంటలా మోగింది. ఆవాల చిటపటలో చిన్న ముక్క కోసి, డ్రమ్స్‌లో తాళాల్లా మోగే హై-హ్యాట్‌గా వాడుకున్నాం.

అన్నిటికన్నా నచ్చింది డప్పు క్లాసు. మేం మౌస్‌తో గళ్లు నింపి దరువు వేస్తే అచ్చం కుట్టుమిషన్ చప్పుడు. కంప్యూటర్‌కి ఏం వాయించాలో చెప్పే మిడి అనే పద్ధతిలో ప్రతి దెబ్బకీ వెలాసిటీ అని ఒక అంకె ఉంటుంది, ఎంత గట్టిగా కొట్టామన్నది 127 వరకూ అందులో చెప్పొచ్చు, మేమేమో అన్నీ 100 దగ్గరే వదిలేశాం. సార్ సిర్ర (డప్పు కొట్టే లావు పుల్ల) దెబ్బల్ని అలాగే ఉంచి, చిటికెన పుల్ల (సన్నది) దెబ్బల్ని 50కి దించి, ఒకట్రెండు దెబ్బల్ని గీత నుంచి వెంట్రుకవాసి వెనక్కి జరిపారు. అంతే, పక్క కుర్చీలో కుర్రాడి కాలు దానంతటదే ఊగడం మొదలైంది. కీ నొక్కాక శబ్దం లేటుగా వస్తోందంటే బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి పోగేసి పంపే శబ్దం ముక్క సైజు) 512 నుంచి 128కి మార్చి చూపించారు, ఇంట్లో నేను ఏడాదిగా పడుతున్న తిప్పలు ఒక్క నిమిషంలో తీరిపోయాయి.

ఇక తిట్లు. పాంప్లెట్‌లో మనిషికో సిస్టమ్ అని వేసి, అక్కడ ముగ్గురికి ఒకటి ఇచ్చారు. పైగా ఇంట్లో ట్రయల్ వెర్షన్ వేసుకుని ప్రాక్టీస్ చేయమన్నారు. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో ప్రాజెక్టు సేవ్ అవుతుంది కానీ, కొంటే తప్ప మళ్లీ తెరుచుకోదు. కంపెనీ వాళ్లు ఆ సంగతి దాచలేదు, వీళ్లే చెప్పలేదు. రెండు రాత్రులు కూర్చుని చేసిన పాట తెరుచుకోకపోతే పిల్ల ఏడుపు ఒక్కటే తక్కువ. 60 రోజులు ఏ అడ్డూ లేకుండా వాడుకోనిచ్చే రీపర్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ఉందని ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

వీడియో అయితే చివరి మూడు రోజుల్లో చుట్టేశారు. డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ తెరిచి మెనూలు చదివి వినిపించడమే పాఠం. మా పాటలు శాంపుల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క) ప్రకారం 44.1 కిలోహెర్ట్జ్‌లో ఉన్నాయి, వీడియోకి 48 ఎందుకని అడిగితే "డీఫాల్ట్ అంతే అండీ" అన్నారు.

మ్యూజిక్ కోసమైతే వెళ్లొచ్చు, వీడియో కోసం వద్దు. డబ్బు కట్టేముందు సిస్టమ్‌కి ఎంతమందో, ఇంట్లో ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో గట్టిగా అడగండి. మొన్న అడ్వాన్స్‌డ్ బ్యాచ్ ఉందని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. మనిషికో సిస్టమ్ అని రాసిస్తే ఇద్దరం వస్తామన్నా. నీలి టిక్కులు పడ్డాయి, జవాబే ఇంకా రాలేదు.