ప్లేటు ఎర్రబడిందంటే ఆపెయ్యాలి: ఈఎల్34 యాంప్‌తో ఆరేళ్లు

నాది నాలుగు ఈఎల్34 వాల్వులున్న (పాత రేడియోల్లో ఉండే గాజు ట్యూబుల్లాంటివి) పుష్-పుల్ యాంప్లిఫైయర్, అంటే వాల్వులు జతలుగా పనిచేసేది, ఛానెల్‌కి 35 వాట్లు. కంపెనీ పేరు చెప్పను. హైదరాబాద్‌లో మా హాల్లో ఆరేళ్లుగా రోజూ రెండు గంటలైనా నడుస్తోంది. సౌండ్ గురించి ఎక్కువ రాయను, ఘంటసాల గొంతు దీంట్లో విన్నాక పాత పెట్టె అటకెక్కింది, అంతే. రాయాల్సింది వేడి గురించి.

కొన్న కొత్తలో ఊరికే టెన్షన్ పడేవాణ్ణి. గాజు మీద చెయ్యి పెట్టలేం, చురుక్కుమంటుంది. అది మామూలే. ఒక్కో వాల్వులో హీటరే 6.3 వోల్టుల దగ్గర 1.5 ఆంపియర్లు తాగుతుంది, అంటే పాట పెట్టకముందే తొమ్మిదిన్నర వాట్లు, దాని మీద ప్లేటు (ఎలక్ట్రాన్లు వచ్చి తగిలే లోహపు రేకు) వేడి వేరే. మధ్యలో కనిపించే నారింజ వెలుగు హీటర్‌ది. గాజు లోపలి గోడ మీద లేత నీలం రంగు పాటతో పాటు ఆడుతుంటే కూడా భయం లేదు. ప్లేట్ల మధ్య గులాబీ-ఊదా రంగు పొగలా కమ్మితే మాత్రం లోపల గ్యాస్ చేరినట్టే, పైన వెండిలా మెరిసే మచ్చ తెల్లబడితే గాలి దూరినట్టు, ఇక ఆ వాల్వు పనికిరాదు.

నాకు వచ్చింది ఈ రెండూ కాదు. మూడో ఏడు మే నెలలో ఒక రాత్రి కరెంటు ఆదా అని లైట్లు ఆర్పేస్తూ మా అమ్మ, "ఒరేయ్, ఆ మూడోది చూడరా, కుంపటిలా ఉంది" అంది. వంగి చూస్తే, ఎప్పుడూ బూడిద రంగులో ఉండే ప్లేటు మీద, అతుకు పక్కన, అరంగుళం మేర ముదురు ఎరుపు, చూస్తుండగానే పాకుతోంది. స్పీకర్లో సన్నగా హమ్. వెంటనే స్విచ్ ఆపాను.

ఎండలకి అనుకుని ఫ్యాను పెట్టాను, దండగ. కొత్త వాల్వు కొని పెట్టాను, అదీ ఐదు నిమిషాల్లో ఎర్రబడింది, డబ్బులు పోయాయి. ముందే చేయాల్సింది, చల్లారాక రెండు వాల్వుల చోట్లు మార్చి చూడటం. ఎరుపు వాల్వుతో పాటు వెళ్తే తప్పు వాల్వుది, సాకెట్ దగ్గరే ఉండిపోతే సర్క్యూట్‌ది. నాకు సాకెట్ దగ్గరే ఉండిపోయింది.

కోఠిలో ఒక పాత రేడియో మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లాను. ఆయన వాల్వు పీకేసి సాకెట్ ఐదో పిన్ను మీద మీటర్ పెట్టారు, అది గ్రిడ్‌ది, అంటే వాల్వులో కరెంటుని అదుపులో పెట్టే జాలీది. మంచి సాకెట్లో మైనస్ 36 వోల్టులుంటే దీంట్లో మైనస్ 19. ముందు స్టేజి నుంచి పాట సిగ్నల్‌ని మాత్రం దాటనిచ్చి అక్కడి వోల్టేజీని ఆపాల్సిన కప్లింగ్ కెపాసిటర్ లీకై, అక్కడి ప్లస్ వోల్టేజీ కాస్త గ్రిడ్ మీదకి కారుతోంది. గ్రిడ్ పట్టు సడలితే వాల్వు ఎడాపెడా కరెంటు లాగుతుంది, ఆ వేడంతా ప్లేటు మీదే పడుతుంది. ఈఎల్34 ప్లేటు ఓర్చుకునేది 25 వాట్లే. వంద రూపాయలు కూడా చేయని కెపాసిటర్ కోసం నేను వేలు తగలేశాను.

ఆయన పట్టిన ఇంకో సంగతి: ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపింగ్ (ఇంటి కరెంటు వోల్టేజీకి తగ్గట్టు పెట్టే అమరిక) 220 మీద ఉంది, మా కాలనీలో రాత్రిపూట 240 దాటుతుంది. 240కి మార్చాక ప్లేటు వోల్టేజీ 470 నుంచి 430కి దిగింది. అమ్మినవాళ్లు ఒక్కమాట చెప్పి ఉంటే బాగుండేది.

ఇప్పుడు మూడు నెలలకోసారి కాథోడ్ (వాల్వులో ఎలక్ట్రాన్లు బయల్దేరే భాగం) దగ్గరున్న పది ఓముల రెసిస్టర్ మీద మీటర్ పెడతాను, 380 మిల్లీవోల్టులంటే 38 మిల్లీ ఆంపియర్లు, ప్లేటు మీద పదహారు వాట్ల పైచిలుకు. బయట టెస్ట్ పాయింట్లు ఉన్నాయి కాబట్టి ఇది నేనే చేస్తాను. అడుగు మూత మాత్రం తెరవను, ఆపేశాక కూడా లోపల నాలుగొందల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

మళ్లీ కొంటానా అంటే కొంటాను, ట్యాపింగ్ ఎంత మీద ఉందో చూపించమని అడిగి మరీ.