పుస్తకాల దుకాణానికి కుకీల అనుమతి సేవ: వాడి చూశాక

బాగ్‌లింగంపల్లిలో మా నాన్నగారు పెట్టిన తెలుగు పుస్తకాల దుకాణాన్ని ఇప్పుడు నేను నడుపుతున్నాను. అమ్మకాల్లో సగానికి పైగా వెబ్‌సైట్ ద్వారానే జరుగుతాయి. వచ్చేవారిని కుకీల (వెబ్‌సైట్ మన బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తుల) గురించి అనుమతి అడిగే సేవ ఒకటి మాదాపూర్‌లోని ఒక సంస్థ నుంచి నెలవారీ చందాకు తీసుకున్నాం. ఈ సమీక్ష దాని గురించే. నా తీర్పు ముందే చెబుతాను. లోపలి యంత్రాంగం గట్టిది. పైకి కనిపించే అనుమతి పెట్టె మాత్రం పాఠకుడిని మభ్యపెట్టే రూపంలో వస్తుంది. పట్టుబట్టి మార్పించుకోగలిగిన వాళ్లు తీసుకోవచ్చు. సంస్థ పేరు రాయడం లేదు. ఎవరి దగ్గర తీసుకున్నా అడగవలసిన ప్రశ్నలు కింద ఉన్నాయి.

పుస్తకాలు అమ్ముకునేవాళ్లకు ఇంత పట్టింపు ఎందుకని తోటి వ్యాపారులు కొందరు అడిగారు. దుకాణానికి వచ్చిన మనిషి విడాకుల చట్టం మీద పుస్తకం తీసి, నాలుగు పేజీలు తిరగేసి, మళ్లీ అరలో పెట్టి, వంటల పుస్తకం కొనుక్కుని వెళ్లిపోతారు. ఆ సంగతి నా కంట పడినా నా నోట రాదు. బిల్లు మీద పేరు వద్దన్నవాళ్లకు నాన్నగారు 'పుస్తకం ఒకటి' అని మాత్రమే రాసి ఇచ్చేవారు. వెబ్‌సైట్‌లో ఆ మర్యాద దానంతట అది రాదు. పేజీలో ప్రకటనల కంపెనీ వారి కోడ్ ఉంటే ఆ పేజీ చిరునామా వాళ్లకు చేరుతుంది. చిరునామాలోనే పుస్తకం పేరు ఉంటుంది. సంతానలేమి, మానసిక కుంగుబాటు, మద్యం మానడం, ఇలాంటి ఏ పుస్తకం దగ్గర ఎవరు ఆగారో మూడో మనిషికి తెలిసిపోతుంది. బ్రౌజర్‌లో పెట్టిన గుర్తింపు సంఖ్య వల్ల ఆ మనిషి మరో సైట్‌కు వెళ్లినా పోల్చుకునే వీలుంటుంది. నన్ను నమ్మి వచ్చిన పాఠకుడి విషయంలో ఇది నాకు సమ్మతం కాదు.

కుకీ అంటేనే చెడ్డదని మాత్రం అనను. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ దాన్ని రూపొందించినప్పుడు ఉద్దేశం వేరు. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లేసరికి వచ్చినవారిని మరిచిపోయే వెబ్‌కు కాస్త జ్ఞాపకం ఇవ్వడమే ఆ ఉద్దేశం. బుట్టలో వేసిన పుస్తకాలు డబ్బు కట్టే పేజీ దాకా నిలబడేది దానివల్లే. అలాంటి తప్పనిసరి కుకీలకు యూరప్ నియమాల ప్రకారం కూడా అనుమతి అడగనక్కరలేదు. మీ సైట్‌లో బుట్ట, లాగిన్ కుకీలు తప్ప మరేవీ లేకపోతే ఈ సేవ మీద ఒక్క రూపాయి ఖర్చు పెట్టవద్దు. ఏ కుకీలు ఉన్నాయో ఒక పేజీలో తేట తెలుగులో రాసి పెడితే చాలు. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు కనుక నేను చెబుతున్నాను.

మాకు అవసరం పడింది జర్మనీలో స్థిరపడిన ఒక పాఠకుడి ఉత్తరంతో. మీ సైట్ తెరవగానే నా అనుమతి లేకుండానే లెక్కింపు కుకీలు (ఏ పేజీని ఎంతమంది చూశారో లెక్కించేవి) పడుతున్నాయని ఆయన మర్యాదగా రాశారు. మా సైట్‌లో ధరలు యూరోల్లోనూ కనిపిస్తాయి, జర్మనీకి, నెదర్లాండ్స్‌కు తపాలా ఖర్చుల పట్టిక ఉంది. అంటే అక్కడివారికి అమ్ముతామని మేమే చాటుతున్నాం. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న యూరప్ డేటా చట్టం జీడీపీఆర్, దుకాణం హైదరాబాద్‌లో ఉన్నా ఇలాంటి అమ్మకాలకు వర్తిస్తుంది. కుకీలకు ముందస్తు అనుమతి కావాలన్న నియమం దానికంటే పాతది. 2002 నాటి యూరప్ ఆదేశానికి 2009లో చేసిన సవరణతో వచ్చింది.

ఇక సేవ పనితీరు. మొదట అది సైట్ అంతా గాలించి, ఉన్న కుకీల పట్టిక ఇచ్చింది. ఈ పని చాలా బాగా చేసింది. బుట్ట కుకీ, లాగిన్ కుకీ, సైట్‌కు వచ్చేవారిని లెక్కించే గూగుల్ అనలిటిక్స్ వారి రెండేళ్ల గడువు కుకీ, ఒక ప్రకటనల సంస్థ వారి మూడు నెలల కుకీ, అన్నీ పేరు, గడువు, పని సహా ఒకే చోట చూపింది. రచయితల ప్రసంగాల పేజీలో పెట్టిన వీడియోలు కూడా బయటి కుకీలను తెస్తున్నాయని మాకు దాని వల్లే తెలిసింది.

తర్వాత అసలు పరీక్ష. అనుమతి పెట్టె తెర మీద ఉండగా, వెనక కుకీలు నిజంగా ఆగుతున్నాయా? పెట్టె చూపించి, జవాబు రాకముందే అన్నీ వదిలేసే సైట్లు కొల్లలు. దీన్ని ఎవరైనా చూసుకోవచ్చు. క్రోమ్‌లో కొత్త ప్రైవేట్ కిటికీ తెరిచి, అందులో బయటి కుకీలను ఆపే అమరిక ఉంటే తీసేసి, సైట్‌కు వెళ్లి, ఏదీ నొక్కకుండా ఎఫ్12 మీట నొక్కండి. అప్లికేషన్ అనే విభాగంలో కుకీల జాబితా కనిపిస్తుంది. అక్కడ బుట్ట, లాగిన్ వంటి తప్పనిసరి కుకీలు తప్ప ఏమున్నా ఆ పెట్టె ఉత్త అలంకారమే. మా సైట్ ఈ పరీక్షలో నెగ్గింది, వీడియోల పేజీ తప్ప. అక్కడ ఒప్పుకోకముందే వీడియో లోడై కుకీలు పడ్డాయి. చందా తీసుకున్న మొదటి వారంలోనే ఈ సంగతి రాసి పంపాను. సరిచేస్తామని జవాబు వచ్చింది, సరిచేయలేదు. చివరికి మా దగ్గర పనిచేసే అబ్బాయే వీడియోల స్థానంలో బొమ్మలు పెట్టి, నొక్కితేనే వీడియో వచ్చేలా మార్చాడు. ఇందులో సేవకు నేను మార్కులు వేయలేను.

నాకు కోపం తెప్పించింది పెట్టె రూపం. 'అన్నీ అంగీకరిస్తున్నాను' అన్నది పెద్ద ఆకుపచ్చ బటన్. కాదనడానికి బటనే లేదు. 'ఎంపికలు' అనే లేత బూడిద రంగు అక్షరాలను వెతికి పట్టుకుని, లోపలికి వెళ్లి, ఒక్కొక్క రకాన్నీ ఆపి, భద్రపరచు అని నొక్కాలి. మా దుకాణానికి నిత్యం వచ్చే ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారికి ట్యాబ్ ఇచ్చి చూడమన్నాను. కాసేపు తడిమి, "అమ్మా, దీంట్లో వద్దని చెప్పే దారి లేదా?" అన్నారు. డెబ్బై దాటిన మనిషి, చూపు మందగించినా రోజూ పత్రిక చదివే మనిషి, నా సైట్‌లో వద్దు అని చెప్పలేకపోవడం నాకు సిగ్గుగా అనిపించింది.

సంస్థ తరఫున వచ్చిన అబ్బాయి దీన్ని మార్చడానికి ఇష్టపడలేదు. "మేడమ్, కాదనే బటన్ ముందుకు తెస్తే ఒప్పుకునేవాళ్లు బాగా తగ్గిపోతారు" అన్నాడు.

"తగ్గనివ్వు బాబూ. వద్దనుకునేవాళ్లు వద్దని చెప్పడానికే కదా ఈ పెట్టె" అన్నాను.

అతనికి ఫ్రాన్స్ సంగతి చెప్పాను. అక్కడి డేటా పరిరక్షణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. ఒప్పుకోవడం ఒక్క నొక్కుతో అయిపోతూ, కాదనడానికి మాత్రం పలుమార్లు నొక్కవలసి రావడమే అభియోగం. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కిందికి రాదని యూరోపియన్ న్యాయస్థానం అంతకుముందే, 2019 అక్టోబర్‌లో ప్లానెట్49 అనే సంస్థ కేసులో తేల్చింది. మన దేశంలోనూ ఇదే దారి. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో కుకీ అనే మాట లేకపోయినా, సమ్మతి ఎలా ఉండాలో స్పష్టంగా ఉంది. స్వేచ్ఛగా, ఒక నిర్దిష్టమైన పని కోసం, విషయం తెలిసి, షరతులు లేకుండా, స్పష్టమైన చర్యతో ఇవ్వాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. ఆ అబ్బాయి ఆఫీసుకు వెళ్లి పై వాళ్లతో మాట్లాడాడు. ఇప్పుడు మా పెట్టెలో రెండు బటన్లు, ఒకే రంగు, ఒకే కొలత, పక్కపక్కన ఉన్నాయి. పేజీ అడుగున 'నా అనుమతులు' అన్న లంకె ఎప్పుడూ కనిపిస్తుంది.

తెలుగు పాఠ్యం సంగతి ఇంకోటి. 2023 నాటి మన చట్టం ప్రకారం నోటీసును ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోగానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి. తెలుగు ఉందని సంస్థ గొప్పగా చెప్పింది. వచ్చినది చదివితే తలా తోకా లేదు. యంత్రం చేసిన అనువాదాన్ని ఒక్క తెలుగు మనిషి కూడా చదివి చూసినట్టు లేదు. దాన్ని తీసేయించి మేమే రాసుకున్నాం. కావలసినవాళ్లు వాడుకోవచ్చు:

"మీ బుట్టను, లాగిన్‌ను గుర్తుపెట్టుకోవడానికి తప్పనిసరి కుకీలు ఈ సైట్‌లో ఉన్నాయి. ఇవి కాక, ఏ పేజీని ఎంతమంది చూశారో లెక్కించడానికి ఒక రకం, మా పుస్తకాల ప్రకటనలు వేరే సైట్లలో మీకు చూపించడానికి మరో రకం వాడాలనుకుంటున్నాం. మీరు వద్దన్నా పుస్తకాలు చూడవచ్చు, కొనవచ్చు. మనసు మారితే పేజీ అడుగున 'నా అనుమతులు' నొక్కండి."

పిల్లల పుస్తకాల పేజీల్లో ప్రకటనల కోడ్‌నే తీసేయించాను, అనుమతి అడిగే ప్రసక్తే లేకుండా. పద్ధెనిమిదేళ్ల లోపు వారందరినీ మన చట్టం పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల నడవడిని గమనించడాన్ని, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని నిషేధిస్తుంది. ఈ మార్పు సంస్థ వాళ్లు అడిగిన రోజే చేసి పెట్టారు.

చందా నెలకు 1,400 రూపాయలు. పేజీ వీక్షణల సంఖ్య పెరిగితే పై శ్రేణికి మారుతుంది. డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన జరిగే రోజుల్లో మా సైట్‌కు రద్దీ ఎక్కువ. ఆ నెల ముందు ఒక్క మాట చెప్పకుండా 2,600 వసూలు చేశారు. అడిగితే తేడా వెనక్కి ఇచ్చారు కానీ, అడగనివాళ్ల మాట ఏమిటి?

ఒక పెద్ద ప్రశ్న చాలామంది వేయరు. మా సైట్‌కు వచ్చే ప్రతి మనిషినీ ఈ సేవ కూడా చూస్తుంది. ఎవరు ఎప్పుడు ఏమని నొక్కారో తన సర్వర్‌లో రాసుకుంటుంది. ఆ రికార్డు ఎక్కడ ఉంటుంది, ఎంతకాలం ఉంటుంది, ఇంకెవరికైనా ఇస్తారా అని రాతపూర్వకంగా అడిగాను. ముంబైలోని సర్వర్లలో ఉంటుందని, మూడేళ్లు ఉంచుతామని జవాబిచ్చారు. ఎవరికి పని అప్పగించినా బాధ్యత డేటా సేకరించే నాదేనని చట్టం చెబుతున్నప్పుడు ఈ జవాబు ఒప్పందంలో ఉండాలి, ఈమెయిల్‌లో ఉంటే చాలదు.

2023 నాటి చట్టానికి కేంద్రం 2025 నవంబర్‌లో నియమాలను ప్రకటించింది. నోటీసు, సమ్మతి వంటి ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. సుల్తాన్ బజార్, కోఠీ వ్యాపారులు అప్పటిదాకా ఆగుదామంటున్నారు. సైట్ ఉన్నవాళ్లు ఇప్పుడే కుకీల పట్టిక తీయించుకోండి, దానికి గంట కూడా పట్టదు.

మేం చందాను కొనసాగిస్తున్నాం. కొత్త ఒప్పందంలో మూడు మాటలు రాయించాను. అనుమతుల రికార్డును మరెవరికీ ఇవ్వకూడదు, శ్రేణి మార్చే ముందు చెప్పాలి, పెట్టె రూపాన్ని మా సంతకం లేకుండా మార్చకూడదు. వీడియోల లోపం గురించి గడువు తేదీ అడిగాను, దానికి ఇంకా ఒప్పుకోలేదు.