తుపాకుల ఆటా? బ్లాకుల ఆటా? ఆటిజం ఉన్న మా వాడికి ఏది మేలు?

మా అక్క వాళ్లు ఒంగోలు దగ్గర గ్రానైట్ క్వారీల ఊరు చీమకుర్తిలో ఉంటారు. క్వారీలో రాయి పేల్చే ముందు సైరన్ మోగుతుంది. అది వినగానే అక్క కొడుకు రెండు చేతులతో చెవులు మూసుకుని గోడకు ఆనుకుని నిలబడతాడు. పేలుడు అయిపోగానే చేతులు దించి తన పని తాను చూసుకుంటాడు. అదే పిల్లవాడు పక్కింట్లో కుక్కర్ కూత పెడితే మంచం కిందికి దూరిపోతాడు. ఊరంతా అదిరే మోతకు లేని భయం కుక్కర్ కూతకు ఎందుకని అక్క చాలా ఏళ్లు ఆలోచించింది. నాకు ఆలోచించే పని లేకపోయింది, ఎందుకంటే నేనూ అంతే. వాడికి ఆటిజం ఉందని నాలుగో ఏట తెలిసింది, నాకు ఇరవై ఆరో ఏట తెలిసింది. దానికి తోడు నాకు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస అదుపులో ఉండని లక్షణం, కూడా ఉంది. చెప్పి వచ్చే శబ్దం ఎంత పెద్దదైనా ఓర్చుకుంటాం. చెప్పకుండా వస్తే చిన్న చప్పుడు కూడా ఒళ్లంతా గుచ్చుకుంటుంది.

ఇప్పుడు వాడికి పన్నెండేళ్లు. తరగతిలో మగపిల్లలందరూ బీజీఎంఐ (బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే తుపాకుల ఆట ఆడతారు. వాళ్ల నోట అది ఇంకా పాత పేరుతో పబ్జీనే. వాడికీ కావాలట. "అది పెట్టించనా, లేక నీతో కలిసి ఆడుతున్న బ్లాకుల ఆటతోనే సరిపెట్టనా? ఏది మంచిదో నువ్వే చెప్పవే" అని అక్క అడిగింది. బ్లాకుల ఆట అంటే బ్లాకులు తవ్వి, పేర్చి, నచ్చింది కట్టుకునే మైన్‌క్రాఫ్ట్. నేను ఈ రెండూ ఏళ్ల తరబడి ఆడాను కాబట్టి ఒక ఆదివారమంతా కూర్చుని వాడి వైపు నుంచి ఆలోచించాను. అక్కకు ఫోనులో చెప్పడం మొదలుపెడితే సగం మరిచిపోతాను. అందుకే రాస్తున్నాను.

ఏ ఆటా వద్దు, ఫోను లాక్కోండి అనే సలహా బంధువుల దగ్గర నుంచి ముందే వచ్చింది. బడిలో మధ్యాహ్నం అన్నం దగ్గర పక్కవాడితో మాట్లాడటానికి ఒక్క విషయం దొరకని పిల్లవాడిని చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. దాన్ని అక్కడితో వదిలేస్తున్నాను.

ముందు శబ్దం సంగతి. బీజీఎంఐలో వందమంది ఒకే దీవిలో దిగుతారు. చివరికి మిగిలినవాళ్లు గెలుస్తారు. అడుగుల చప్పుడు ఎడమ నుంచి వచ్చిందా కుడి నుంచి వచ్చిందా అన్నదాని మీదే ప్రాణం నిలుస్తుంది. అంటే చెవులు రిక్కించి కూర్చోవాలి. అలా రిక్కించిన చెవిలోనే తుపాకి పేలుతుంది. మామూలు చెవికి అది ఉత్సాహం. మా వాడి చెవికి అది అరగంట పాటు కుక్కర్ ఎప్పుడు కూస్తుందా అని ఎదురుచూడటం. శబ్దం పూర్తిగా తీసేసి ఆడవచ్చు. అడుగులు, కాల్పులు మూలనున్న చిన్న పటంలో గుర్తులుగా కూడా కనబడతాయి. నేను చాలాకాలం అలాగే ఆడాను. ఓడిపోవడం ఎక్కువే, కానీ ఆట అయ్యాక తలనొప్పి ఉండేది కాదు.

మైన్‌క్రాఫ్ట్‌లో శబ్దాలను విడదీసి పెట్టారు. సంగీతానికి ఒక మీట, వానకు ఒక మీట, మీద పడే జీవాలకు ఒకటి, మనం తవ్వే రాళ్లకు ఒకటి. వాన చప్పుడు ఇష్టమై, మీద పడే ఎముకల గూళ్లు చేసే కటకట పడకపోతే ఆ జీవాల మీట ఒక్కదాన్నే తగ్గించేయవచ్చు. కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌లో ఇంకొక ఏర్పాటు ఉంది. సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే ఏ చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో తెర మూలన అక్షరాల్లో, బాణం గుర్తుతో కనబడుతుంది. అది వినలేనివాళ్లకు ఎంత మేలు చేస్తుందో, మరీ ఎక్కువగా వినబడే మాలాంటివాళ్లకూ అంతే మేలు చేస్తుంది. మొదటిసారి అది ఆన్ చేసుకున్న రాత్రి, ప్రపంచం కూడా ఇలా రాసి చూపిస్తే ఎంత బాగుండునో అనుకున్నాను. ఇక కట్టుకోవడం కోసమే ఉన్న క్రియేటివ్ పద్ధతిలో ఆడితే ఏ జీవీ మన మీద పడదు.

శబ్దం విషయంలో తీర్పు సులువు. మాట దగ్గరే కష్టమంతా ఉంది.

బీజీఎంఐలో నలుగురు ఒక జట్టు. తెలిసినవాళ్లు లేకపోతే ఆటే ముగ్గురు అపరిచితులను తెచ్చి కలుపుతుంది. మైకులో మాటలు ఒకరి మీద ఒకరివి పడతాయి. అద్దంకి బస్టాండు సెంటర్‌లో సాయంత్రం ఆరు గంటలకు నిలబడి ఎవరో అడిగిన లెక్కకు జవాబు చెప్పాల్సి వస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. "ఎక్కడున్నావు, ఎటు పోదాం, తొందరగా చెప్పు" అంటారు. నాకు ప్రశ్న అర్థం కావడానికి ఒక క్షణం, జవాబు మాటల్లోకి రావడానికి ఇంకో రెండు క్షణాలు పడుతుంది. ఆ లోపే అవతలివాళ్లకు కోపం వస్తుంది. నా విషయంలో ఇంకో కష్టం ఉండేది. ఆడగొంతు వినబడగానే ఆట పక్కకు పోయి బూతులు మొదలయ్యేవి. నాలుగైదుసార్లు చూసి మైకు శాశ్వతంగా కట్టేశాను.

ఇదంతా మా లోపమేనని చాలాకాలం నమ్మాను. 2012లో డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, ఆయన కూడా ఆటిజం ఉన్న మనిషే, దీన్ని వేరే విధంగా చెప్పాడు. ఆటిజం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య మాట సరిగా అందకపోతే ఆ తప్పు ఒక్క పక్షానిది కాదు, ఇద్దరూ ఒకరినొకరు అర్థం చేసుకోవడంలో తడబడుతున్నారు అని. 2020లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఎనిమిదేసి మందిని వరుసగా కూర్చోబెట్టి ఒక కథను ఒకరి నుంచి ఒకరికి చెప్పించారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరుసలో కథ, ఎవరికీ ఆటిజం లేని వరుసలో అందినంత బాగానే చివరిదాకా అందింది. ఇద్దరినీ కలిపిన వరుసలోనే ఎక్కువ జారిపోయింది. అది చదివాక నా మౌనం మీద నాకున్న సిగ్గు చాలావరకు పోయింది.

అందుకే మా వాడు అపరిచితుల మైకులోకి వెళ్లడం నాకు ఇష్టం లేదు. కానీ బీజీఎంఐలో ఒక మంచి సంగతి ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. మైకు లేకపోయినా ముందే తయారుచేసి పెట్టిన చిన్న చిన్న వాక్యాలు ఉంటాయి. "శత్రువు ఎదురుగా ఉన్నాడు", "తూటాలు కావాలి" లాంటివి. వేలితో నొక్కితే చాలు, జట్టుకు అందుతాయి. మాట వెతుక్కునే పని లేదు. ఏం చెప్పాలో తెలిసి, ఎలా చెప్పాలో తెలియక ఉండిపోయే పిల్లవాడికి అది చేతికర్ర లాంటిది. మా వాడు బడిలో కూడా ఇలాంటి బొత్తాలు ఉంటే బాగుండేదని ఒకసారి అన్నాడు.

మైన్‌క్రాఫ్ట్‌లో మాట టైపు చేసేది. ఇప్పుడే జవాబు చెప్పాలనే నియమం లేదు. అవతలివాడు అడిగాడు, నువ్వు గోడ కట్టడం పూర్తి చేసి చెప్పావు, ఎవరూ చచ్చిపోలేదు. అయితే ఊరూ పేరూ తెలియనివాళ్లు ఎవరైనా వచ్చి ఆడే బహిరంగ సర్వర్లలో ఇక్కడ కూడా ఏడిపించేవాళ్లు ఉంటారు. 2013లో కెనడాలో స్టువర్ట్ డంకన్ అనే తండ్రి ఆట్‌క్రాఫ్ట్ అనే సర్వర్ పెట్టింది అందుకే. ఆటిజం ఉన్నవాళ్లు, వాళ్ల కుటుంబాల కోసం పెట్టింది అది, అనుమతి తీసుకునే లోపలికి వస్తారు. మా ఇంట్లో అంత అవసరం రాలేదు. వాడు, నేను, నెల్లూరులో ఉన్న మా పెదనాన్న మనవరాలు, ముగ్గురమే ఒక ప్రపంచం పెట్టుకున్నాం.

ఇక ఆట ఆపడం సంగతి. ఇక్కడ నా ఇష్టానికి వ్యతిరేకంగా తుపాకుల ఆటకే మార్కులు వేయాలి. బీజీఎంఐలో ఒక ఆట దాదాపు అరగంట. గెలిచినా ఓడినా తెర మీద ముగింపు వస్తుంది. పైగా 2023 మేలో ఆ ఆట మన దేశంలోకి తిరిగి వచ్చినప్పుడు పద్దెనిమిదేళ్లలోపు వారికి రోజుకు మూడు గంటలు అనే హద్దు పెట్టారు. మూడు గంటలు ఎక్కువే. కానీ "అమ్మ ఆపమంది" అనేదానికీ "ఆటే ఆగిపోయింది" అనేదానికీ మా వాడి లోకంలో చాలా తేడా ఉంది. మొదటిది ఎప్పుడు వస్తుందో తెలియదు. రెండోది నియమం, నియమంతో వాడికి పేచీ లేదు.

మైన్‌క్రాఫ్ట్‌కు ముగింపే లేదు. ఒంగోలులో నేను ఒక గ్రానైట్ కార్యాలయంలో లెక్కలు చూస్తాను. ఒక శుక్రవారం రాత్రి అన్నం తిని తొమ్మిదింటికి కూర్చున్నాను. వంతెన కట్టాలి, దానికి రాయి కావాలి, రాయికి గని తవ్వాలి. తల ఎత్తేసరికి వీధి చివర గుడిలో సుప్రభాతం వినబడుతోంది. దాహం వేసినట్టు కూడా తెలియలేదు. ఏడీహెచ్‌డీ ఉన్న బుర్ర ఒకసారి పనిలో మునిగితే కాలం దానికి కనబడదు. వాడికీ ఆ లక్షణం ఉందనే నా అనుమానం.

దీనికి దొరికిన ఉపాయం ఆటలోనే ఉంది. మైన్‌క్రాఫ్ట్‌లో ఒక పగలూ రాత్రీ కలిపి సరిగ్గా ఇరవై నిమిషాలు. గడియారం చూపించి గంట అంటే వాడికి పట్టదు. మూడు పొద్దుగూకులు అంటే పట్టింది. పడమట ఆకాశం ఎర్రబడటం మొదలవగానే ఆపాల్సింది దగ్గరపడుతోందని వాడికే తెలుస్తుంది. ఆటలో మంచం వేసుకుని పడుకుంటే రాత్రి ఇట్టే గడిచిపోతుంది, అప్పుడు లెక్క తప్పుతుంది కదా. అది వాడే కనిపెట్టి, ఆడే రోజుల్లో మంచం ఎక్కకూడదని తనకు తాను నియమం పెట్టుకున్నాడు. గత రెండు నెలల్లో ఆపే దగ్గర ఏడుపు ఒక్కసారే వచ్చింది, అది కూడా కరెంటు పోయినప్పుడు.

ఇంకొక తూకం ఉంది. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను నిషేధించారు, అక్టోబరు ఆఖరుకు సర్వర్లే ఆగిపోయాయి. నిషేధం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. రోజూ రాత్రి పది నుంచి పదిన్నర వరకు ఒకే పని చేస్తేనే నిద్రపట్టే మనిషిని నేను. ఆ అరగంట మాయమై వారం రోజులు కంటి మీద కునుకు లేదు. 2021లో బీజీఎంఐ అనే కొత్త పేరుతో వచ్చింది, 2022 జులైలో స్టోర్ల నుంచి మళ్లీ తీసేశారు, మళ్లీ వచ్చింది. మార్పు భరించలేని పిల్లవాడికి రోజువారీ ఆధారంగా దాన్ని ఇవ్వలేను. మైన్‌క్రాఫ్ట్‌లో కట్టుకున్న ప్రపంచం మన కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది.

చదరంగం ఎందుకు కాదని మా నాన్న అడిగారు. నిజానికి మాట, శబ్దం రెండూ లెక్కేస్తే అదే మొదటి స్థానంలో ఉంటుంది. లీచెస్ అనే చదరంగం వెబ్‌సైట్‌లో ఉత్తరాల పద్ధతి ఆట ఉంది, ఒక్కో ఎత్తుకు పద్నాలుగు రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు. రూపాయి ఖర్చు లేదు, ప్రకటనలు లేవు. నేను ఇప్పటికీ ఆడుతున్నాను. మా వాడికి మాత్రం గుర్రం అలా వంకరగా ఎందుకు దూకుతుందో కారణం చెప్పేవరకు ముందుకు వెళ్లడం కుదరలేదు. ఆ కారణం నా దగ్గర లేదు.

కాబట్టి అక్కా, రోజూ ఆడటానికి మైన్‌క్రాఫ్ట్. మూడు పొద్దుగూకులు, మన ముగ్గురి ప్రపంచం. ఆదివారం ఒక్క ఆట బీజీఎంఐ ఆడనివ్వు, తరగతిలో తెలిసిన ముగ్గురితోనే, మైకు కట్టేసి, శబ్దం తీసేసి. వాడు బాగా ఆడకపోయినా ఫరవాలేదు. సోమవారం అన్నం దగ్గర వాడికి చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది.

నిన్న రాత్రి వాడి క్వారీ చూడటానికి వెళ్లాను. చీమకుర్తిలో ఉన్నట్టే మెట్లు మెట్లుగా లోపలికి దిగుతుంది. మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాయి కోసం వాడు వెతికి వెతికి గిల్డెడ్ బ్లాక్‌స్టోన్ తెచ్చాడు, నల్లరాతి మీద బంగారు చుక్కలు. అడుగున టీఎన్‌టీ అనే పేలుడు బ్లాకులు పేర్చాడు. నిప్పు పెట్టాక అది పేలడానికి నాలుగు సెకన్లే పడుతుంది. ఆ నాలుగు సెకన్లు చాలవనిపించిందట, గట్టు మీద ఒక గంట కట్టి ఉంచాడు. ముందు వెళ్లి దాన్ని మూడుసార్లు మోగించాడు. తరువాత చాట్‌లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు.

"పిన్నీ, పేలుస్తున్నాను. చెవులు మూసుకో."